ఏడుగురూ ఒకే దారిన నడవాలా?

ప్రశ్న: నమస్తే అక్కయ్యా. మేం ఏడుగురం, గుంటూరులో ఒకే స్కూల్లో పనిచేసే టీచర్లం. నెలకి ఐదు వేల చొప్పున రెండేళ్లు చీటీ కట్టుకుని డబ్బు పోగేశాం. వేసవి సెలవుల్లో ఐదు రోజులు సింగపూర్ వెళ్తున్నాం. టికెట్లు, హోటల్ అన్నీ అయిపోయాయి. గొడవంతా ఇప్పుడు మొదలైంది. ఒకరికి షాపింగ్ కావాలి, ఒకరికి గుళ్లు కావాలి, ఇద్దరికి యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్క్, ఇంకొకరు ఎక్కువ నడవలేరు. వాట్సాప్ గ్రూపులో రోజుకి రెండొందల మెసేజీలు పడుతున్నాయి, ఒక్కటీ తేలదు. ప్లాన్ నన్నే వేయమన్నారు. ఏది పెట్టినా ఎవరో ఒకరు అలుగుతున్నారు. విమానం ఎక్కకముందే స్నేహాలు చెడతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరున్న చోట నేనూ ఉన్నాను కాబట్టి, ముందు నా సంగతి చెప్తాను.

నేను రిటైరైన ఏడాది మా బ్యాంకు స్నేహితురాళ్లం ఎనిమిది మందిమి విజయవాడ నుంచి బయల్దేరి ఇదే సింగపూర్ వెళ్లాం. ప్లాన్ నేనే వేశాను. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా గంటగంటకీ గళ్లు గీసి, ఎనిమిది కాపీలు తీయించి, బీసెంట్ రోడ్డులో లామినేషన్ కూడా చేయించాను. రెండో రోజు సాయంత్రానికే ఆ కాగితం పట్టుకుని ఒక మనిషిని బాధపెట్టాను.

మాలో ఒకావిడకి మోకాళ్ల నొప్పులు. పొద్దుటి నుంచీ ఒక్క మాట అనకుండా మా వెనకే నడిచింది. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో అద్దాల గోపురాల దగ్గరికొచ్చేసరికి బెంచీ మీద కూర్చుని, ‘మీరు వెళ్లి రండే, నేనిక్కడే ఉంటా’ అంది. వెళ్లాం. రెండు గోపురాలూ చూసి తిరిగొస్తే బెంచీ ఖాళీగా ఉంది. ఆవిడ ఫోన్‌లో రోమింగ్ ప్యాక్ లేదు. అందరికీ ఎందుకులే, నలుగురికి ఉంటే చాలని నేనే అన్నాను. నలభై నిమిషాలు వెతికాం. చీకటి పడిపోయింది.

చివరికి సూపర్‌ట్రీల కింద కనిపించింది. అవి కాంక్రీటుతో, ఉక్కుతో కట్టిన చెట్లు. ఒంటినిండా నిజం మొక్కలే పెంచారు, ఎత్తు 25 నుంచి 50 మీటర్ల దాకా ఉంటుంది. వాటి నడుమ నేల మీద వెల్లకిలా పడుకుని ఉందావిడ. తల కింద హ్యాండ్‌బ్యాగు, చెప్పులు పక్కన జతగా విప్పి పెట్టి ఉన్నాయి. రెండడుగుల దూరంలో ఎవరి పిల్లాడో అచ్చం అలాగే పడుకుని ఉన్నాడు. పైన పాటకి తగ్గట్టు లైట్లు రంగులు మారుతున్నాయి. నన్ను చూసి లేవలేదు. నేల మీద చేత్తో తట్టి, ‘రావే, ఇప్పుడే మొదలైంది’ అంది. నేనూ పక్కన వాలాను. పగటి ఎండకి కాగిన నేల వీపుకి వెచ్చగా తగిలింది. ఆవిడ మోకాళ్లకి రాసుకున్న మందు వాసన వస్తోంది. పొద్దుటి నుంచీ ఆవిడ నవ్వు చూడనేలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ లైట్ల షో నా కాగితంలో లేదు. ఆ టైముకి అందరం ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపింగ్ దుకాణంలో ఉండాలని రాశాను.

అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను. అందరూ కలిసి చేసేది రోజుకి ఒక్కటే పెట్టుకోండి. మిగతా పొద్దంతా ఇద్దరు ముగ్గురుగా విడిపోండి. విడిపోవడమంటే మనవాళ్లకి భయం, మనసులు కూడా విడిపోయినట్టే అనుకుంటాం. నా అనుభవంలో జరిగింది వేరు. పగలు ఎవరిదారిన వాళ్లు తిరిగొచ్చిన రోజునే రాత్రి భోజనాల దగ్గర మాటలు ఆగలేదు. రోజంతా కలిసి తిరిగిన రాత్రి అందరూ ఫోన్లు చూసుకుంటూ తిన్నారు.

ఆ ఒక్కటీ సాయంత్రమే ఉండాలి. దీనికి కారణముంది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున ఏడంటే మన ఒంటికి తెల్లవారుజామున నాలుగున్నర. అందరూ ఏడింటికి లాబీలో ఉండాలని రూలు పెడితే, తొలి రెండు రోజులూ చిరాకులతోనే తెల్లారుతుంది. రాత్రి పదికి మాత్రం మనకింకా ఏడున్నరే, హుషారుగా ఉంటాం. ఏడాది పొడుగునా ఏడు ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. ఆ ఊరి అందమంతా ఆ తర్వాతే.

ఇప్పుడు మీ ఏడుగురి సంగతి. షాపింగ్ ఆవిడనీ గుళ్ల ఆవిడనీ ఒకే జట్టులో వేయండి. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, ముస్తఫా సెంటర్ అక్కడికి నడిచివెళ్లే దూరమే. మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారు కాబట్టి దర్శనం పొద్దున, షాపింగ్ తర్వాత. చైనాటౌన్‌లో 1827 నాటి మారియమ్మన్ గుడి ఉంది, దాన్ని ఇంకో పూటకి ఉంచుకోవచ్చు. యూనివర్సల్ స్టూడియోస్ ఆ ఇద్దరికే వదిలేయండి. అది సెంటోసా దీవిలో రోజంతా పట్టే పని, టికెట్ ఖరీదు ఎక్కువ. ఇష్టం లేని ఐదుగురు మొహమాటానికి కొంటే డబ్బూ పోతుంది, మూతులూ ముడుచుకుంటాయి. ఆ రోజు మిగిలినవాళ్లు కేబుల్ కార్‌లో అదే దీవికి వెళ్లి, బీచ్‌లో కూర్చుని, సాయంత్రం వాళ్లిద్దరినీ కలుపుకుని రావచ్చు.

నడవలేని ఆవిడ కోసం వేరే ప్లాన్ వేయకండి, నొచ్చుకుంటారు. సాయంత్రం అందరికీ పెట్టే పనే ఆవిడ కూర్చుని చూడగలిగేది అయ్యేలా చూసుకోండి, చాలు. సూపర్‌ట్రీల లైట్ల షో రాత్రి 7:45కి ఒకటి, 8:45కి ఒకటి, టికెట్ లేదు. సింగపూర్ ఫ్లయర్ అనే పెద్ద చక్రం 165 మీటర్ల ఎత్తు, ఒక్కో అద్దాల గదిలో 28 మంది దాకా పడతారు. మీ ఏడుగురూ ఒకే గదిలో అరగంట కూర్చోవచ్చు. నైట్ సఫారీ 1994లో మొదలైంది, రాత్రిపూట చూడటానికే కట్టిన జూల్లో ప్రపంచంలో అదే మొదటిది. అందులో ట్రామ్ మీద తిప్పుతారు. టికెట్లు టైముల వారీగా ఇస్తారు, ఇక్కడి నుంచే బుక్ చేసుకోండి. ఒక ఉదయం మాత్రం బొటానిక్ గార్డెన్స్‌కి కలిసే వెళ్లండి. 1859 నాటి తోట, 2015లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందింది. ఆర్కిడ్ల విభాగానికి తప్ప ప్రవేశ రుసుము లేదు. దిగిన రోజున ఏమీ పెట్టకండి. తిని పడుకోండి.

ఏమేం చూడాలో ఎలా తేల్చాలంటే, వాట్సాప్‌లో ఓట్లు మాత్రం పెట్టకండి. ఓట్లు పెడితే ప్రతిసారీ ఓడేది ఆ ఒకరిద్దరే. ఒక ఆదివారం మీ ఇంట్లో కూర్చోబెట్టి తలా ఒక చీటీ ఇవ్వండి. ఒకవైపు ‘ఇది చూడకుండా వస్తే బాధపడతాను’, రెండోవైపు ‘ఇది నా వల్ల కాదు’. ఒక్కొక్కటే రాయాలి. మొదటివైపు రాసింది ఎవరిదైనా సరే ప్లాన్‌లో ఉండి తీరాలి. రెండోవైపు రాసిన దానికి వాళ్లని ఎవరూ బలవంతపెట్టకూడదు. మేం తర్వాతి ప్రయాణానికి ఇలాగే చేశాం. పదేళ్లుగా తెలిసిన స్నేహితురాలికి ఎత్తులంటే భయమని నాకు ఆ చీటీ చూశాకే తెలిసింది.

ఇంకోటి. బయల్దేరేలోపు ఒక పూట అందరూ కలిసి ఉండవల్లి గుహలకి వెళ్లి రండి. ఆ మెట్లెక్కి పై అంతస్తులో పడుకున్న విష్ణుమూర్తిని చూసి దిగేసరికి, ఎవరి నడక ఎంతో, ఎవరికి గంటకోసారి టీ కావాలో, ఎవరు ఫొటోల కోసం ఆగిపోతారో మీకే తెలుస్తుంది.

రోమింగ్ ప్యాక్ ఏడుగురికీ ఉండాలి. మెట్రోలో బ్యాంకు కార్డునే గేటు దగ్గర ట్యాప్ చేసి వెళ్లొచ్చుగానీ ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లలేరు, ఎవరి కార్డు వాళ్లకి కావాలి. రైలు తలుపులు మూసుకుని ఒకరు ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతే, వాళ్లు కదలకూడదు, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి నిలబడాలి. ఇది ముందే అనుకోండి.

ఇక మీ గురించి. ఒక పూట మీరు ఎవరి బాధ్యతా లేకుండా ఉండాలి. డబ్బు ఒకరికి, టికెట్లు ఒకరికి, దారి చూడటం ఒకరికి ఇప్పుడే అప్పగించండి. మీ చీటీ మీదా ఒక కోరిక రాసుకోండి. మీ ఉత్తరంలో మిగతావాళ్లకేం కావాలో చెప్పడానికి తాపత్రయపడ్డారు, మీకేం కావాలో ఎక్కడా రాయలేదు.

ప్రశ్న: మేడమ్, మేం ఆరుగురం ఇంజినీరింగ్ ఫ్రెండ్స్, నాలుగు రోజులు బ్యాంకాక్ వెళ్తున్నాం. మాలో ఒకడికి ఇంకా సరైన ఉద్యోగం లేదు. వాడి ఖర్చు మేం పెట్టుకుంటామంటే ఒప్పుకోలేదు. అప్పు చేసి వస్తున్నాడని తర్వాత తెలిసింది. అక్కడ వాడు ఇబ్బంది పడకుండా ఎలా ప్లాన్ చేయాలి?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: బాబూ, ఈ ప్రశ్న అడగాలని నీకు తోచినందుకే నాకు సంతోషంగా ఉంది.

మా సింగపూర్ ప్రయాణంలో ఒకావిడ రెండు పూటలు వరసగా ‘ఆకలి లేదు’ అని కొబ్బరినీళ్లతో సరిపెట్టుకుంది. మూడో పూట మెనూ బోర్డు చూస్తూ పెదవులు కదపడం గమనించాను. ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి లెక్కేసుకుంటోంది. ఆ రాత్రే అందరం సమానంగా కొంత వేసి ఒక జిప్పు పర్సులో పెట్టాం. తిండీ, బండీ అందులోంచే. ఆవిడ ఆ తర్వాత అందరితోపాటు తిన్నది.

మీరూ అదే చేయండి, ఇక్కడే. ఎంత వేయాలో ఆ కుర్రాడితో ఒక్కడివే కూర్చుని ముందు అడుగు. అతను చెప్పిన అంకెనే నీ మాటగా గ్రూపులో పెట్టు. అతని పేరు రాకూడదు. ఖరీదైన టికెట్లు ఉమ్మడి పర్సులో కలపొద్దు, వెళ్లేవాళ్లే పెట్టుకోవాలి, అదీ ఒక్క పూటే ఉండాలి. మిగతావి అందరికీ అందేవి పెట్టుకోండి. వాట్ ఫో అనే బౌద్ధాలయంలో 46 మీటర్ల శయన బుద్ధుడు ఉన్నాడు. అక్కడి నుంచి పడవలో చావో ప్రాయా నది దాటితే వాట్ అరుణ్ ఆలయం. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకి ఆ సాయంత్రం నచ్చుతుంది. శని, ఆదివారాల్లో చతుచక్ సంతలో ఎంతసేపు తిరిగినా తరగదు. లుంఫినీ పార్కులో ఉడుముల్లాంటి పెద్ద పెద్ద జంతువులు మన మధ్యే తిరుగుతుంటాయి, అక్కడ టికెట్టే లేదు. రాజభవనానికి మాత్రం టికెట్ ఉంది, నిక్కర్లతో లోపలికి రానివ్వరు.

లెక్క ఏ రాత్రిది ఆ రాత్రే చూసుకోండి. ‘ఊరెళ్లాక చూసుకుందాంలే’ అంటే ఆ కుర్రాడికి ప్రయాణమంతా గుండెల మీద బరువే.

ప్రశ్న: సింగపూర్‌కి పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లొచ్చా? మా బ్యాచ్‌లో సగంమంది శాకాహారులం.
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఇంట్లోనే పెట్టి వెళ్లండమ్మా. మాంసం విషయంలో వాళ్ల నియమాలు చాలా కఠినం. గసగసాలు అక్కడ నిషేధం, మసాలా పొడిలో కలిసున్నా వద్దు. చూయింగ్ గమ్, గుట్కా, ఖైనీ అసలు వద్దు. గోంగూర, కందిపొడి లాంటివి కొద్దిగా, సీలు వేసినవి పెట్టుకోండి, కస్టమ్స్‌లో అడిగితే దాచకుండా చెప్పండి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపాల్సిన అరైవల్ కార్డు ఉంటుంది. అది ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి.

తిండికి బెంగ అక్కర్లేదు. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ 1947 నుంచి ఇడ్లీ, దోసె పెడుతోంది. తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లకి కూడా వెళ్లండి, అక్కడ శాకాహారులూ మాంసాహారులూ తలో కొట్లో కొనుక్కుని ఒకే బల్ల దగ్గర తినొచ్చు. ముందు బల్ల పట్టుకోవాలి. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మీదే, ఇంకెవరూ కూర్చోరు. తిన్నాక పళ్లేలు మీరే తీసి పెట్టాలి, వదిలేస్తే జరిమానా వేయొచ్చు. నాలుగు టిష్యూ ప్యాకెట్లు హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి.