నలుగు మొదట ఎవరు పెట్టాలి?

"అమలాపురం దగ్గర మా ఊరు. మాఘంలో పెళ్లి. నాది మూలా నక్షత్రం, శాంతి చేయించకపోతే అత్తారింటికి అరిష్టమని పెద్దమ్మ అంటోంది. చేయించాలా? నా పదకొండో ఏట నాన్నగారు పోయారు, కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేస్తారు. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు అమ్మ ఎదురుపడకూడదట. 'నాకేం బాధ లేదులే' అంది అమ్మ. అటు మామగారు పోయి ఆరేళ్లయింది, అత్తగారొక్కరే."

శాంతి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. మూల మామగారికి, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి అని గండాలు పంచిపెట్టారు మనవాళ్లు. మీ మామగారు ఎప్పుడో పోయారు. ఇంకెవరి కోసమమ్మా శాంతి?

అసలు సంగతి నువ్వు చివర్లో, పనిలో పనిగా రాశావు. 'నాకేం బాధ లేదులే' అన్న మాట నువ్వు నమ్మలేదు. నమ్మితే నాకు రాసేదానివి కాదు. పెదనాన్నగారు సగం ఖర్చు పెడుతున్నారని నోరు మెదపలేక, అమ్మ మాట అడ్డం పెట్టుకున్నావు. కొబ్బరి దింపు తీయించి, కాయ లెక్క చూసుకుంటూ నిన్ను చదివించినావిడ, పెళ్లినాడు వంటల పందిరి వెనక నిలబడాలా?

మా మేనత్త అలాగే నిలబడింది నా పెళ్లిలో. తడిక సందులోంచి ఆవిడ కన్ను ఒక్కటే కనిపించింది. సారెలో సున్నుండలన్నీ ఆవిడ చుట్టినవే. లేచి వెళ్లి దణ్ణం పెట్టాల్సింది, పెట్టలేదు. ఆవిడ ఇప్పుడు లేదు.

రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఆ గోదావరి నీళ్లే తాగుతూ మనమింకా తల్లి ఎదురురావచ్చా అని అడుగుతున్నాం! కన్యాదానం ఎవరు చేయొచ్చో యాజ్ఞవల్క్య స్మృతి వరస చెప్పింది: తండ్రి, తాత, అన్నదమ్ములు, వంశంలోవాళ్లు, ఆ తర్వాత తల్లి. ఆఖర్నయినా తల్లి ఉంది.

పెదనాన్నగారి మీద యుద్ధానికి వెళ్లమనడం లేదు. చేసిన మేలు చిన్నది కాదు. పీటల మీద ఆయన్నీ పెద్దమ్మనీ కూర్చోనీ, కాళ్లు కడగనీ. కానీ నలుగు మొదట పెట్టేది అమ్మ. అప్పగింతల్లో పాలల్లో ముంచిన నీ చేతులు అత్తగారి చేతుల్లో పెట్టేదీ అమ్మే. అత్తగారిని కూడా ఎవరో పక్కకి తప్పుకోమనే ఉంటారు, ముందే ఫోన్ చేసి కనుక్కో. ఆవిడ సరేనంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇది పెదనాన్నగారితో నువ్వే చెప్పు, అమ్మచేత చెప్పించకు. ముత్తైదువల్ని పిలవడానికి బయల్దేరకముందే చెప్పు.