మున్సిపాలిటీ బిల్లు మూడేళ్లయినా రాలేదు, దావా వేయవచ్చా?

ప్రశ్న: నేను చిన్న కాంట్రాక్టర్‌ని. 2022 వర్షాకాలంలో మా మున్సిపాలిటీలో కూలిన కల్వర్టును వర్క్ ఆర్డర్ మీద కట్టాను. జూలై 22న పని పూర్తయింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఎం.బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) కొలతలు రాశారు. అప్పుడే పక్క కాలువలో పూడిక కూడా తీయమని చైర్మన్ గారు, ఏఈ గారు నోటిమాటగా చెబితే తీశాను, దానికి కాగితం లేదు. రెండు బిల్లులూ రాలేదు. భార్య నగలు తాకట్టులో ఉన్నాయి, అప్పు చేసి కూలీలకు ఇచ్చాను. ఏడుసార్లు అర్జీ పెట్టాను. 2024 మార్చిలో కల్వర్టు బిల్లు కౌన్సిల్‌లో చర్చకు వస్తే ‘నిధులు లేవు, వాయిదా’ అని పక్కన పడేసి అందరి ముందూ నన్ను అవమానించారు. తర్వాత పాలకవర్గం గడువు ముగిసింది. కొత్త కమిషనర్ ‘అది పాత వాళ్ల బాకీ’ అంటున్నారు. ఆఫీసులో ఒకాయన పాత తేదీతో లెటర్ పుట్టిస్తానంటున్నాడు, కొంత ఖర్చవుతుందట. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. నగల గురించి ఒక పేజీ, చైర్మన్ గారి మాటతీరు గురించి ఒకటిన్నర పేజీ రాశారు. కోర్టులో వాటికి చోటు లేదు, కాబట్టి నేనూ వాటి జోలికి పోను. మీ కేసు నిలిచినా పడినా మీరు అవమానం కింద జమ కట్టిన ఆ ఒక్క వాక్యం మీదే. కౌన్సిల్ ముందుకు మీ బిల్లు వచ్చింది, వాయిదా పడింది. అదెందుకు ముఖ్యమో చెప్పే ముందు మీకు నచ్చని లెక్క ఒకటి చెప్పాలి.

చేసిన పనికి డబ్బు రాబట్టుకునే దావాకు 1963 నాటి లిమిటేషన్ చట్టం షెడ్యూలులో 18వ ఆర్టికల్ కింద మూడేళ్ల గడువు ఉంది. చెల్లింపునకు విడిగా తేదీ పెట్టుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచే అది మొదలవుతుంది. బిల్లు పెట్టిన రోజు, చివరి అర్జీ ఇచ్చిన రోజు, కమిషనర్ ‘కుదరదు’ అన్న రోజు, ఇవేవీ లెక్కలోకి రావు. 2022 జూలై 22కి మూడేళ్లు కలిపితే 2025 జూలై 22. మీరు నాకు రాసింది అక్టోబరులో. గడువు దాటిన దావాను, అవతలి వాళ్లు ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, సెక్షన్ 3 ప్రకారం కోర్టే కొట్టేయాలి. ఆలస్యాన్ని మన్నించమని కోరే సెక్షన్ 5 అప్పీళ్లకు, దరఖాస్తులకే గానీ దావాలకు వర్తించదు. మీ వర్క్ ఆర్డర్‌లో చెల్లింపు గురించి ప్రత్యేక షరతు ఉంటే లెక్క కొంత మారవచ్చు. కానీ మీరు దాని జిరాక్సు కూడా పంపలేదు.

ఇక ఆ ఏడు అర్జీలు. అందులో ఇన్వర్డ్ ముద్ర, అంటే ఆఫీసుకు అందినట్టు వేసే ముద్ర, ఉన్నవి రెండే అని మీరే రాశారు. మిగతా ఐదూ ‘చేతికిచ్చాను సార్, తీసుకున్నారు’ రకం. ఏడూ ముద్ర వేయించుకున్నవే అయినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అర్జీ మీరు రాసింది. బాకీ ఉందని వాళ్లు రాయాలి. నా దగ్గరికి వచ్చే కాంట్రాక్టర్లలో చాలామంది ఈ ఒక్క తేడా తెలియక మూడేళ్లూ అర్జీలతోనే గడిపేస్తారు. మీరూ లక్షల పని చేసి, ఒక్కసారి వకీలు దగ్గర కూర్చోవడానికి బద్ధకించారు. ఈ మాట కటువుగా ఉన్నా అనక తప్పదు.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం. లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం, గడువు ముగిసేలోపు బాకీదారు గానీ, ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ సంతకం రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ఆ రాత మీకే పంపి ఉండాలని లేదు, వేరెవరికి రాసినా చెల్లుతుందని సెక్షన్ కింది వివరణలోనే ఉంది. దాంతోపాటు ‘ఇప్పుడు ఇవ్వం’ అని నిరాకరించినా అది ఒప్పుకోలు కాకుండా పోదు.

కౌన్సిల్ సమావేశానికి ఒక బిల్లు ఊరికే రాదు. ముందు సెక్షన్ గుమాస్తా నోట్ పెడతాడు. దాన్ని ఇంజనీరింగ్ విభాగం, అకౌంట్స్ చూసి పైకి పంపుతాయి. చివరికి అజెండా అంశంగా టైపు చేసి కమిషనర్ సంతకంతో సభ్యులకు పంచుతారు. ‘ఫలానా కల్వర్టు పని పూర్తయినది, ఎం.బుక్ ప్రకారం చెల్లించవలసిన మొత్తం ఇంత, చెల్లింపు నిమిత్తం కౌన్సిల్ ఆమోదమునకు’ అన్న తరహాలో అందులో ఉంటే మీ బాకీని మున్సిపాలిటీయే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు. కింద తీర్మానంలో ‘నిధుల కొరత వల్ల వాయిదా వేయడమైనది’ అని రాశారనుకోండి, అది మీకు ఇంకా మంచిది. బాకీ లేదనలేదు, డబ్బు లేదన్నారు. ఆ రోజు సభలో నవ్విన వాళ్లు మీకు చేసిన మేలు మీకు తెలియదు, వాళ్లకీ తెలియదు.

అయితే ఇదంతా ఆ కాగితంలో నిజంగా ఏముందన్నదాని మీదే ఆధారపడుతుంది. ‘కాంట్రాక్టర్ అర్జీ పరిశీలన నిమిత్తం’ అని మాత్రమే ఉంటే బలం తక్కువ. బాకీ ఉందన్న సంగతి ఆ మాటల్లో కనబడాలి. సంతకం ఎవరిదన్నదీ ముఖ్యమే. వార్డు కౌన్సిలర్ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చినది పనికిరాదు. ఏఈ సంతకం ఒక్కటే ఉంటే ఆయనకు బాకీ ఒప్పుకునే అధికారం ఉందా అని వాదన మొదలవుతుంది. కమిషనర్ సంతకం, చైర్‌పర్సన్ సంతకం చేసిన మినిట్స్ పుస్తకం ఉంటే మనం గట్టిగా నిలబడగలం. ఇంకో ప్రశ్న, మీరు ఎక్కడా రాయలేదు గనక అడుగుతున్నాను. ఈ మూడేళ్లలో కల్వర్టు బిల్లు కింద పార్ట్ పేమెంట్ ఏమైనా వచ్చిందా? గడువు లోపల కొంత చెల్లించి, ఆ చెల్లింపునకు వాళ్ల సంతకంతో రాత ఉంటే సెక్షన్ 19 కింద అదీ కొత్త గడువు ఇస్తుంది. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ మొత్తం తీసి చూడండి.

కాబట్టి రేపే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘నా బిల్లు ఎందుకు ఆపారు?’ అని అడగొద్దు, దానికి కథ చెబుతారు. కాగితాలు అడగండి. 2024 మార్చి సమావేశం అజెండాలో మీ అంశం, దాని మీద తీర్మానం, ఆ ఫైలులో నోట్ పేజీలు, ఎం.బుక్‌లో మీ పని కొలతల పేజీలు, బిల్లుల రిజిస్టర్‌లో మీ పేరున్న పేజీ, ఆడిట్ అభ్యంతరాలు ఉంటే అవి. అన్నిటికీ ధ్రువీకరించిన నకళ్లు కావాలని స్పష్టంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎం.బుక్ చేతికొచ్చాక ఒక పని చేయండి. కొలతల పక్కన ఏఈ సంతకం, దాన్ని తనిఖీ చేసినట్టు ఆయన పై ఇంజనీరు డీఈ సంతకం, తేదీలు ఉన్నాయా చూడండి. మీ పని పూర్తయిన తేదీకి, నాణ్యతకు అంతకన్నా పెద్ద సాక్షి మీకు దొరకడు. పని జరుగుతున్నప్పుడు ఫోన్లో తీసిన ఫోటోలు, ఏఈ గారి వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయన్నారు. ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

పూడిక పని సంగతి వేరు. వర్క్ ఆర్డర్ లేకపోయినా, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరి కోసం న్యాయబద్ధంగా పని చేసి, అవతలి వాళ్లు దాని ఫలితం అనుభవిస్తే పరిహారం ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 చెబుతుంది. సరైన పద్ధతిలో కాంట్రాక్టు లేకుండా అధికారుల మాట మీద ప్రభుత్వానికి కట్టడాలు కట్టిన ఒక సంస్థకు ఈ సెక్షన్ కిందే డబ్బు రావాలని బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కాగితం లేదన్నది మీ అసలు సమస్య కాదు. దీనికీ మూడేళ్లే, అవీ దాటాయి. కౌన్సిల్ ముందుకు వచ్చింది కల్వర్టు బిల్లు ఒక్కటే అంటున్నారు. ఆ ఫైలులో ఎక్కడైనా పూడిక పని బాకీ కూడా రాసి, సరైన సంతకం ఉంటే తప్ప అది పోయినట్టే. గడువు దాటిన బాకీని ఇస్తామని కొత్తగా రాసి సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద ఆ మాట చెల్లుతుంది గానీ, ఆడిట్‌కు భయపడే ఏ అధికారీ అలా రాసివ్వడు. దానికోసం ఎదురుచూస్తూ కల్వర్టు దావా కూడా ఆలస్యం చేసుకోకండి.

ఇక ఆ ఆఫీసులో ఆయన గారి సలహా. పాత కమిషనర్ పేరుతో, 2025 జూలైకి ముందు తేదీ వేసి, బాకీ ఒప్పుకుంటున్నట్టు లెటర్ పుట్టిస్తానన్నాడు కదా. వద్దు. ఇన్వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్లలో నంబర్లు వరుసగా నడుస్తాయి. 1140 తర్వాతి వరుసలో 1141 రాసి ఉంటుంది, మధ్యలో గీత కూడా ఖాళీ లేదు. మీ కాగితాన్ని ఎక్కడ కూర్చోబెడతారు? 1140/ఎ అనా? ఫైళ్లు కంప్యూటర్లో నడిచే ఆఫీసైతే ప్రతి నోట్ మీదా తేదీ, సమయం పడతాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న ఆ రిజిస్టర్ గురించే వస్తుంది. ఆ రోజుతో మీరు వాది కాదు, ముద్దాయి. ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336, దొంగ పత్రాన్ని అసలుదని వాడినందుకు సెక్షన్ 340 మీ మీదకు వస్తాయి. చేతిలో అసలైన కాగితం ఉండే అవకాశం ఉన్న మనిషి దొంగ కాగితం చేయించుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు. ఒక్క దొంగ లెటర్ బయటపడితే నిజమైన అజెండా నకలును కూడా జడ్జి అనుమానంగానే చూస్తారు.

‘ఖర్చు’ సంగతీ అంతే. 2018లో అవినీతి నిరోధక చట్టానికి చేసిన సవరణతో లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతం మీద ఇచ్చానని చెప్పుకోవాలంటే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేయాలి. మీరు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆ సంగతి ఉత్తరంలో రాయకండి, నేరుగా వచ్చి చెప్పండి.

కొత్త కమిషనర్ మాట పట్టించుకోవద్దు. మున్సిపాలిటీ చట్టం దృష్టిలో శాశ్వత సంస్థ. రాజ్యాంగం 243యు అధికరణం కింద పాలకవర్గానికి ఐదేళ్లే, స్పెషల్ ఆఫీసర్ ఉన్నా ఎన్నికలు జరిగినా బాకీ సంస్థదే. మీ దావా కూడా మున్సిపాలిటీ మీదే, కమిషనర్ ద్వారా. చైర్మన్ గారిని వ్యక్తిగతంగా ప్రతివాదిగా చేర్చి కసి తీర్చుకోవాలని రాశారు. అలా చేస్తే విచారణ ఇంకా ఆలస్యమవుతుంది తప్ప రూపాయి ఎక్కువ రాదు.

అజెండా నకలు రాగానే వకీలు ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించండి. మీ రాష్ట్ర మున్సిపల్ చట్టంలో దావాకు ముందు నోటీసు, దానికి వ్యవధి గురించి నిబంధన ఉందేమో వకీలు చూసి దాని ప్రకారమే ఇస్తారు. నోటీసులో వడ్డీ అడగడం మరచిపోకండి. మీ అర్జీల్లో ఒక్కదానిలోనూ వడ్డీ మాట లేదు. వర్క్ ఆర్డర్‌లో వడ్డీ షరతు, బాకీకి తేదీ రెండూ లేకపోతే, 1978 నాటి వడ్డీ చట్టం కింద మీరు రాతపూర్వకంగా వడ్డీ అడిగినప్పటి నుంచే అది అడగగలరు. మూడేళ్ల వడ్డీ అలా పోగొట్టుకున్నారు.

తర్వాత దావా. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టు బదులు ఆర్బిట్రేటర్ తేల్చాలన్న షరతు) ఉంటే దారి వేరు, ముందు అది చూడాలి. లేకపోతే, నిర్మాణ కాంట్రాక్టు వివాదం కాబట్టి విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే వాణిజ్య కోర్టు పరిధిలోకి వెళ్తుంది. అక్కడ అత్యవసర ఉత్తర్వు కోరే కేసు కానప్పుడు ముందుగా రాజీ కోసం మధ్యవర్తిత్వానికి (మీడియేషన్‌కు) వెళ్లి తీరాలి, వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ ప్రకారం అది తప్పనిసరి. వెళ్లకుండా దావా వేస్తే తిప్పికొడతారు. అక్కడ గడిచే కాలం లిమిటేషన్‌లోకి రాదు. చాలా బిల్లులు అక్కడే రాజీ కావడం నేను చూశాను, ఎందుకంటే ఎదుటి పక్షం దగ్గరా ఎం.బుక్ ఉంటుంది, కాదనలేరు. హైకోర్టులో రిట్ (అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్) వేయమని ఎవరో చెప్పారన్నారు. ఇవ్వాల్సిన మొత్తం ఎంతన్నదాని మీద తగాదా లేకుండా, కేవలం ఇవ్వకుండా ఆపిన సందర్భాల్లో రిట్ నడుస్తుంది. కొలతల మీదో నాణ్యత మీదో పేచీ పెడితే సివిల్ కోర్టుకే వెళ్లమంటారు. కాబట్టి ఆడిట్ అభ్యంతరాల కాగితం చూడకుండా రిట్ మాట ఎత్తకండి.

అజెండా కాగితం మీద కమిషనర్ సంతకం కింద ఉన్న తేదీ రాసుకోండి. సమావేశం తేదీ కాదు, సంతకం తేదీ. అది 2024 మార్చి 11 అయితే మీ గడువు 2027 మార్చి 11. ఆ రోజు దాకా ఆగమని దీని అర్థం కాదు. వర్క్ ఆర్డర్, ఎం.బుక్ నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్, ముద్ర ఉన్న ఆ రెండు అర్జీలు తీసుకుని, సమాచార హక్కు జవాబు వచ్చిన వారంలో మీ ఊళ్లోని వకీలును కలవండి. ముద్ర లేని ఐదింటినీ ఇంట్లోనే ఉంచండి.