ఇంట్లో ఫ్రైడ్ రైస్ ముద్ద కాకుండా, మంచూరియా మెత్తబడకుండా

ఫ్రైడ్ రైస్ ఇంట్లో చేస్తే ముద్దయిపోతోందనీ, గోబీ మంచూరియా పది నిమిషాలకే మెత్తబడుతోందనీ, ఆరుగురికి సరిపోయేలా బండి దగ్గరి రుచి రావాలంటే ఏ సాస్ కొనాలనీ అడిగారు. సాస్ మార్చినందువల్ల ఈ రెండూ బాగుపడవండీ. రెండింటినీ పాడుచేస్తున్నది తడి. విజయవాడలో మా ఇంట్లో పదకొండేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం సాయంత్రం ఇవే వండుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

మొదట్లో ఒక సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలు వచ్చినప్పుడు నాలుగు గ్లాసుల బియ్యం కుక్కర్లో వండి, ఆ వేడి అన్నాన్నే కడాయిలో పోసి కలిపాను. మెతుకులన్నీ అతుక్కుపోయాయి. పిల్లలు సగం పళ్లెంలోనే వదిలేశారు. మా అత్తయ్య అది చూసి, "పులిహోరకు అన్నం ఎలా ఆరబెడతావమ్మా? దీనికీ అంతే కదా" అన్నారు. ఆవిడ అప్పటికి ఫ్రైడ్ రైస్ రుచి కూడా చూడలేదు. కానీ అసలు కిటుకు ఆ మాటలోనే ఉంది.

మీరు కూడా అలాగే చేయండి. బాస్మతి అవసరం లేదు. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, చక్కగా సరిపోతుంది. అయితే పాత బియ్యం కావాలి, కొత్త బియ్యం ఎంత జాగ్రత్తపడినా జిగురు కడుతుంది. నాలుగైదు సార్లు కడిగి, కుక్కర్ పక్కన పెట్టి, ఎసట్లో ఉడికించి, ఇంకా కాస్త పలుకు ఉండగానే గంజి వార్చేయండి. పెద్ద పళ్లెంలో పరిచి, చెంచాడు నూనె చల్లి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఆవిరంతా పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఎండాకాలంలో అన్నం గంటల తరబడి బయట వదలవద్దు. వండినా చావని బ్యాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఆ వెచ్చదనానికి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేయించినా ఆ విషం పోదు. పిల్లలకు పెట్టేది కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక మంట. బండి వాళ్ల పొయ్యికి ఉండే వేడి మన గ్యాసు పొయ్యికి రాదు. కడాయి నిండా అన్నం పోస్తే వేడి పడిపోయి, కూరగాయల్లోని నీరు ఆవిరి కాకుండా అన్నంలోకి దిగుతుంది. అందుకే ఒక్కో వాయికి ఇద్దరికి సరిపడా మాత్రమే వేయండి. ఇనుప మూకుడు ఉంటే అదే తీయండి. నూనె బాగా కాగాక వెల్లుల్లి, సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, క్యాబేజీ వేసి రెండు నిమిషాలు పెద్ద మంట మీద తిప్పండి. కరకరలాడుతూ ఉండగానే అన్నం వేయాలి. సోయా సాస్ రెండు చిన్న చెంచాలు చాలు. దాన్ని అన్నం మీద కాకుండా మూకుడు అంచు వెంట పోయండి, అక్కడే చుర్రుమని కాగి మంచి వాసన వస్తుంది. సాస్‌లోనే ఉప్పు ఉంటుంది కనుక ఉప్పు చివర రుచి చూసి వేయండి. మిరియాల పొడి, ఉల్లికాడలు దించే ముందు.

మంచూరియాకు కాలీఫ్లవర్ పువ్వులను ఉప్పు వేసిన వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీస్తాం కదా, చాలామంది ఆ తడితోనే పిండిలో ముంచుతారు. గుడ్డ మీద పరిచి అరగంట ఆరనివ్వండి. రెండు వంతుల మైదాకు ఒక వంతు కార్న్‌ఫ్లోర్, పువ్వుకు అంటుకుని నిలిచేంత చిక్కగా కలపండి. ఒకసారి లేత రంగులో వేయించి తీసి, చల్లారాక మళ్లీ పెద్ద మంట మీద వేయించండి. మొదటిసారికి లోపల ఉడుకుతుంది, రెండోసారికి పైన మిగిలిన తడి పోతుంది. వేసవిలో పటమట రైతు బజారులో మంచి పువ్వు దొరకనప్పుడు క్యాబేజీ తురిమి, ఉప్పు కలిపి, నీరంతా పోయేలా గట్టిగా పిండేసి, ఉండలు చేస్తాను. నిజానికి మా పెద్దవాడికి అదే ఎక్కువ ఇష్టం.

కారానికి చిల్లీ సాస్ సీసా కొనకండి. మాది గుంటూరు పుట్టిల్లు, మిరపకాయల విషయంలో నాకు పట్టుదల ఉంది. ఆరు ఎండుమిరపకాయలు వేడినీళ్లలో నానబెట్టి, పది వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు వెనిగర్, కాస్త ఉప్పు, పంచదార వేసి మెత్తగా రుబ్బి నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించండి. తేజ రకమైతే రెండు చాలు, మిగతా నాలుగూ రంగు కోసం బ్యాడిగి వేయండి. ఎరుపు రంగు పొడి మాత్రం వద్దు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అజినోమోటోకు భయపడనక్కరలేదు, టమాటాలో సహజంగా ఉండే గ్లుటమేటే అందులోనూ ఉంటుంది. సోయా సాస్‌లో అది ఎలాగూ ఉంది కాబట్టి నేను విడిగా వేయను.

ఇది చైనా వంటేనా అని మా చిన్నది అడుగుతూ ఉంటుంది. కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబాల వంటిళ్లలో మన నాలుకకు తగ్గట్టు మారిన వంట ఇది. ఆ నగరంలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మసాలాకు బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేసి మొదటి చికెన్ మంచూరియా చేశారని చెబుతారు. మొదలు మన కూరలాగే ఉంది చూడండి, అందుకే మన చేతికి తొందరగా పట్టుబడుతుంది.

మీ ఆరుగురికి మూడు గ్లాసుల బియ్యం సరిపోతుంది. ఉదయమే వార్చి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం మూడు వాయిలుగా వేయించండి. మంచూరియా సాస్ ముందే సిద్ధం చేసుకున్నా, అందరూ కంచాల ముందు కూర్చున్నాకే పువ్వులు అందులో కలపండి.