చదివినవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మేడమ్, గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా. విజయనగరం చాప్టర్ బాగానే చదివా కానీ మాక్ టెస్ట్‌లో మొదటి దేవరాయలి దగ్గర రెండో దేవరాయలి సంగతులు పెట్టేస్తున్నా. పక్కరాజ్యం బహమనీ సుల్తానులు చదివాక ఇంకా ఎక్కువైంది. నాకు జ్ఞాపకశక్తి తగ్గుతోందా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: లేదమ్మా, భయపడకు. నువ్వు చదివింది పోయుంటే అసలేమీ గుర్తురాకూడదు కదా, నీకేమో పక్కాయన జవాబు గుర్తొస్తోంది. ఇద్దరు హరిహరులు, ఇద్దరు బుక్కరాయలు, ఇద్దరు దేవరాయలు, అందరూ ఒకే వంశం, పైగా యుద్ధాలు కూడా మళ్లీ ఆ బహమనీలతోనే, దాంతో పేరు చూడగానే రెండు మూడు జవాబులు ఒకేసారి తోసుకొస్తాయి, ఏది ఎవరిదో తేల్చుకోవడమే కష్టం.

కొత్తగా చదివింది పాతదాన్ని దెబ్బతీస్తుందని అందరికీ తెలుసు, పాతది కూడా కొత్తదాన్ని అంతే దెబ్బతీస్తుందని చాలామంది అనుకోరు. అండర్‌వుడ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1957లో పాత ప్రయోగాలన్నీ దగ్గరపెట్టి చూస్తే, అప్పటికే చాలా లిస్టులు బట్టీపట్టినవాళ్లు చివరి లిస్టులో ఒక్కరోజుకే దాదాపు 75 శాతం మర్చిపోయారు, ఒకటే లిస్టు నేర్చుకున్నవాళ్లు 25 శాతమే. అవి విడివిడి మాటల లిస్టులు, నీ చరిత్ర పాఠానికి అవే అంకెలు వర్తించవు, కానీ జరిగేది మాత్రం ఇదే.

అందుకే ఇద్దరు దేవరాయలకీ వేరే గుర్తులు పెట్టుకో. మొదటి దేవరాయలంటే తుంగభద్ర మీద ఆనకట్ట, ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి. రెండో ఆయన్ని ప్రౌఢదేవరాయలు అనే చదువు, ఆ పేరుతోనే శ్రీనాథుడి కనకాభిషేకం గుర్తొస్తుంది, 1443లో వచ్చిన పర్షియా రాయబారి అబ్దుల్ రజాక్ కూడా ఈయన దగ్గరికే. ఒక్కొక్కరు విడిగా బాగా వచ్చాక అప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన రాసి తేడాలు చూడు, పుస్తకం మూసి రాయాలి, చూసి రాస్తే లాభం లేదు.

ఇంకోటి, రాత్రి చదివాక వెంటనే పడుకో. 1924లో కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే సైకాలజిస్టులు ఇద్దరు స్టూడెంట్ల మీద పరీక్షించారు, 8 గంటలు నిద్రపోయి లేస్తే నేర్చుకున్నదాంట్లో సగానికి పైగా గుర్తుంది, అదే 8 గంటలు మెలకువగా ఉంటే పదోవంతు మిగిలింది. నిద్రలో కొత్త విషయాలేవీ వచ్చి అడ్డుపడవు, పైగా చదివింది గట్టిపడుతుందని తర్వాత పరిశోధనల్లో తేలింది.

బహమనీల్ని మాత్రం ఇంకోరోజుకి పెట్టుకో, విజయనగరం మొదలైన 1336, బహమనీ రాజ్యం మొదలైన 1347 రెండూ ఒకే సాయంత్రం బట్టీపట్టకు.