డిస్కస్ త్రోనా, చదువా? పదిహేనేళ్లకే తేల్చుకోవాలా?

ప్రశ్న: మేం స్టాక్‌హోమ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. క్లబ్బులో డిస్కస్ త్రో నేర్చుకుంటున్నాడు. స్వీడన్ డిస్కస్ త్రోయర్ డేనియల్ స్టాల్ అంటే వాడికి ప్రాణం. జిమ్నాసియంలో (ఇక్కడ మన ఇంటర్ స్థాయి చదువు) తేలిక కోర్సు తీసుకుని, పూర్తిగా ఆట మీదే ఉంటానంటున్నాడు. వాళ్ల నాన్నగారు వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆట మాన్పించకండి, కోర్సు కూడా తగ్గించనివ్వకండి. ఎందుకో స్టాల్ కెరీరే చెబుతుంది, బాబును పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

అతను 1992లో పుట్టాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఫైనల్‌కే చేరలేదు. 2017లో లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 69.19 మీటర్లు విసిరితే, లిథువేనియా త్రోయర్ గుడ్జియస్ 69.21 విసిరాడు. రెండు సెంటీమీటర్లలో స్వర్ణం పోయింది! మొదటి ప్రపంచ టైటిల్ 2019లో దోహాలో, 27 ఏళ్లకు వచ్చింది. టోక్యో ఒలింపిక్ స్వర్ణం 28 ఏళ్లకు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌ ఆఖరి రౌండ్‌లో స్లొవేనియాకు చెందిన చెహ్ 70.02 విసిరి ముందుకు వెళ్లాడు. ఆ తర్వాత స్టాల్‌కు మిగిలింది ఒక్క త్రో. దాన్ని 71.46 మీటర్లకు విసిరి గెలిచాడు. ఆ వీడియో మీరూ చూడండి, వాడి పిచ్చి మీకు అర్థమవుతుంది. 2025లో 33 ఏళ్ల వయసులో మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అంటే ఈ ఆటలో చాలామంది పండేది ఇరవై ఐదు దాటాకే. పదిహేనేళ్లకు చదువు వదిలేస్తే దక్కేదేమీ లేదు. పైగా రాబోయే ఏళ్లలో డిస్క్ బరువు పెరుగుతూ పోతుంది: అండర్-18కి కిలోన్నర, అండర్-20కి 1.75 కిలోలు, సీనియర్లకు రెండు కిలోలు. బరువు మారిన ప్రతిసారీ దూరం తగ్గుతుంది, పిల్లలు దిగాలు పడిపోతారు. అది మామూలేనని ఇప్పుడే చెప్పి ఉంచండి.

డబ్బు సంగతీ దాచకూడదు. బుడాపెస్ట్‌లో స్వర్ణానికి 70 వేల డాలర్లిస్తే, ఎనిమిదో స్థానానికి దక్కింది 5 వేలు. ప్రపంచంలో ఎనిమిదోవాడి మాట ఇది! ఇంకొకటి, స్టాల్ ఎత్తు రెండు మీటర్లు. పొడవాటి చేతులు ఈ ఆటలో పెద్ద ఆస్తి. మీవాడికి ఆ ఒడ్డూపొడుగూ వస్తుందో లేదో ఇప్పుడే తెలియదు. కోచ్‌ను సూటిగా అడగండి, మొహమాటపడకండి.

వాళ్ల నాన్నగారికి ఒక మాట: ప్రపంచ రికార్డు పట్టుకున్న మైకోలాస్ అలెక్నా అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుతూనే విసిరాడు. రెండూ కుదురుతాయి. స్వీడన్‌లోనూ మామూలు ప్రోగ్రామ్‌తో పాటు ట్రైనింగ్ ఇచ్చే స్పోర్ట్స్ జిమ్నాసియంలున్నాయి. బాబుకు సైన్స్ వస్తే సైన్సే పెట్టించి, అథ్లెటిక్స్ ఉన్న స్కూలుకు అప్లై చేయించండి. ఏ స్కూల్లో త్రోలకు విడిగా కోచ్ ఉన్నాడో, రింగ్, నెట్ ఉన్నాయో స్వయంగా వెళ్లి చూసి రండి. ఆట ఒక్కటే చాలా, చదువు కూడానా అన్నది పంతొమ్మిదో ఏట, అప్పటి అతని దూరాలు చూసి మాట్లాడుకోవచ్చు.