గ్లోబు మీద గీత గీసేముందు

కరీంనగర్

బిడ్డా,

ఇంటర్నెట్‌లో మన డేటా ఏ దారిన పోతుందో చూపించడానికి ఎక్స్‌పో కోసం నువ్వు చేసిన గ్లోబు లింకు తెరిచి చూశాను. నల్లటి భూగోళం, వరంగల్ నుంచి ఎర్రగా వెలుగుతూ లేచే గీతలు, చూడటానికి మంచిగ ఉంది. మీ పెద్దమ్మ కూడా చాలాసేపు వేలితో తిప్పి తిప్పి చూసింది. కానీ మన ప్యాకెట్, అంటే నెట్‌లో పంపే డేటా ముక్క, హైదరాబాద్ నుంచి అమెరికా పోయి, అక్కడి నుంచి ముంబై వచ్చి, మళ్లీ సింగపూర్ పోయినట్టు చూపించావు. ఎక్స్‌పోలో నెట్‌వర్క్ తెలిసినవాళ్లు ఒక్కరు వచ్చినా ముందు దాని మీదే వేలు పెడతారు. ఉద్యోగమంతా రూటర్ల మధ్యే గడిపినవాణ్ని, నాకు తోచింది రాస్తున్నాను. కోడ్ గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు, దాని జోలికి పెద్దగా పోను.

ఆ అమెరికా హాప్ (దారిలో తగిలే ఒక్కో రూటర్ మజిలీ) పక్కన నువ్వే 14 మిల్లీసెకన్లు అని రాశావు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దారిలోని రూటర్లను వరసగా చూపే ట్రేస్‌రూట్ సాధనం ఇచ్చేది పోయి వచ్చిన సమయం కాబట్టి, ఒక్కో మిల్లీసెకనుకు దూరం 100 కిలోమీటర్లకు మించదు. 14 మిల్లీసెకన్లంటే ఎంత సాగదీసినా 1,400 కిలోమీటర్లు. మన దగ్గర్నుంచి కాలిఫోర్నియా 13,000 కిలోమీటర్ల పైనే, తిన్నగా పోయివచ్చినా 130 మిల్లీసెకన్లు కావాలి. కాబట్టి ఆ రూటర్ మన దేశంలోనే ఉంది, బహుశా హైదరాబాద్‌లోనో, ముంబైలోనో, చెన్నైలోనో. ఈ లెక్కను నీ ప్రోగ్రామ్‌లోనే పెట్టు. అడ్రస్‌ను బట్టి ఊరు చెప్పే డేటాబేస్ ఏ ఊరు చెప్పినా, మిల్లీసెకన్లు ఒప్పుకుంటేనే చుక్క పెట్టాలి.

డేటాబేస్ ఎందుకు తప్పు చెబుతుందంటావా? ట్రేస్‌రూట్ ఎలా పనిచేస్తుందో ఒకసారి గుర్తు చేసుకో. ప్రతి ప్యాకెట్ మీద టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. దారిలో ప్రతి రూటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయిన చోట ప్యాకెట్‌ను పారేసి ‘గడువు తీరింది’ అని పంపినవారికి కబురు పెడుతుంది. వాన్ జాకబ్సన్ 1980ల చివర్లో దీన్నే వాడుకుని, టీటీఎల్‌ను 1, 2, 3 అని పెంచుకుంటూ పోయే ఈ సాధనం రాశాడు. ఆ కబురులో రూటర్ ఐపీ అడ్రస్ ఉంటుంది, ఊరి పేరు ఉండదు. ఊరును మనం వేరే డేటాబేస్‌లో వెతుక్కుంటాం. ఆ డేటాబేసులు ముఖ్యంగా ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే అడ్రసుల కోసం తయారైనవి. రూటర్ల విషయానికొస్తే, చాలాసార్లు ఆ అడ్రస్‌ను రిజిస్టర్ చేసుకున్న కంపెనీ ఏ దేశానిదైతే ఆ దేశమే చూపిస్తాయి. నీ అమెరికా హాప్ కథ కూడా ఇదే అయి ఉంటుంది.

ఊరు తెలియక దేశం మాత్రమే తెలిస్తే కొన్ని డేటాబేసులు ఆ దేశం నడిమధ్యలో చుక్క పెడతాయి. మాక్స్‌మైండ్ అనే సంస్థ అమెరికాకు అలా పెట్టిన చుక్క కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలం ఇంటి మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ ఇంటివే అన్నట్టు తేలి, ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు ఆ ఇంటి తలుపు కొట్టారు. 2016లో ఈ సంగతి బయటపడ్డాక ఆ చుక్కను ఒక రిజర్వాయర్ నీళ్లలోకి జరిపారు. మన హాప్ ఏదైనా మధ్య భారతంలో అడవిలో తేలితే ముందు ఇదే అనుమానించు.

డేటాబేస్ కంటే రూటర్ పేరు నయం. ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (అడ్రస్ ఇస్తే పేరు చెప్పే సేవ) అడిగితే వచ్చే పొడుగాటి పేరులో ఇంజనీర్లు తమ సౌలభ్యం కోసం తరచుగా విమానాశ్రయాల కోడ్‌లు ఇరికిస్తారు: ‘హెచ్‌వైడీ’ అంటే హైదరాబాద్, ‘బీఓఎం’ ముంబై, ‘ఎంఏఏ’ చెన్నై, ‘ఎస్ఐఎన్’ సింగపూర్. అవీ పాతబడతాయి, రూటర్‌ను మార్చి పేరు మార్చడం మరిచిపోతారు. అందుకే పేరునూ మిల్లీసెకన్లతోనే సరిచూడు. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రం కింద 3,000 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. అక్కడ దాదాపు 30 మిల్లీసెకన్లో, ఇంకొంచెం ఎక్కువో ఒక్కసారిగా పెరిగితే ప్యాకెట్ సముద్రం దాటిందని ధైర్యంగా గీయొచ్చు. ఒక్కో హాప్‌కు వచ్చిన సమయాల్లో అన్నిటికంటే తక్కువదే తీసుకో. పనిలో మునిగిన రూటర్ కబురు పంపడం ఆలస్యం చేస్తుంది, దాంతో దగ్గరి హాప్ దూరపుదానికంటే నెమ్మదిగా కనబడుతుంది. అది చూసి టెన్షన్ పడకు.

ట్రేస్‌రూట్ ఫలితంలో మూడు నక్షత్రం గుర్తులు (* * *) వచ్చిన చోట లైన్ తెగిందని అనుకోకు, ఆ రూటర్ బదులివ్వడం లేదు, అంతే. 10తోనో, 192.168తోనో, 100.64తోనో మొదలయ్యే అడ్రసులను మ్యాప్ మీద పెట్టనే పెట్టకు. అవి ఇంటి లోపలివి, ప్రొవైడర్ లోపలివి, వాటికి ప్రపంచంలో చోటు లేదు.

ఇంకో సంగతి, పేజీ పక్కన ‘పోయివచ్చే దారి’ అని రాశావు. అది పోయే దారి మాత్రమే. మేడారం జాతరప్పుడు పస్రా మీదుగా పోయిన బండ్లను భూపాలపల్లి మీదుగా తిప్పి పంపినట్టు, జవాబు వేరే కంపెనీ లైన్ మీదుగా, వేరే కేబుల్ మీదుగా రావచ్చు. అవతలి చివర నుంచి కూడా ట్రేస్‌రూట్ చేస్తే తప్ప ఆ దారి నీకు తెలియదు. ఆ శీర్షిక మార్చు.

ఇప్పుడు అసలు చిక్కు. నీ గ్లోబు వెబ్ పేజీ కదా. బ్రౌజర్ తనంతట తాను ట్రేస్‌రూట్ చేయలేదు, కాబట్టి నీ పేజీ వెనక ఏదో క్లౌడ్ సర్వర్ చేస్తూ ఉండాలి. అది ముంబైలో ఉంటే దారి ముంబైలో మొదలైనట్టే. వరంగల్ నుంచి మొదటి గీత నువ్వు ఊహించి గీసినదవుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద, ఫోన్ డేటా మీద, హాస్టల్ వైఫై మీద నీ ల్యాప్‌టాప్‌లోనే ఎంటీఆర్ (ట్రేస్‌రూట్‌ను మళ్లీ మళ్లీ చేసే సాధనం) నడిపి, ఆ ఫలితాలను దాచుకుని పేజీకి ఎక్కించు. ఎక్స్‌పో హాలులో లైవ్ చూపిస్తానని పట్టుబట్టకు. కాలేజీ ఫైర్‌వాల్‌లు ఈ కబుర్లను ఆపేయడం మామూలే.

గమ్యాలు కూడా మార్చు. గూగుల్‌కు, యూట్యూబ్‌కు దారి గీస్తే అది దేశం దాటకుండానే ముగుస్తుంది, వాళ్ల సర్వర్లు ఇక్కడే ఉన్నాయి. గూగుల్ వాళ్ల డీఎన్‌ఎస్ అడ్రస్ 8.8.8.8 అయితే ఒకే అడ్రస్ ప్రపంచంలో చాలా చోట్ల పలుకుతుంది, నీకు దగ్గరిదే జవాబిస్తుంది. దాన్ని కాలిఫోర్నియాలో పెడితే తప్పు. చూసేవాళ్లకు ఈ రెండూ నిజంగా ఆసక్తి కలిగిస్తాయి, ‘మన వీడియో ఎక్కడి నుంచి వస్తుందో చూడండి’ అని చూపించు. దూరపు దారి కావాలంటే సొంత క్యాంపస్‌లోనే సర్వర్ పెట్టుకున్న విదేశీ యూనివర్సిటీని వెతుకు. యూనివర్సిటీ సైట్లు చాలావరకు సీడీఎన్‌ల (కాపీలను చాలా చోట్ల పెట్టి దగ్గరి సర్వర్ నుంచి పంపే సేవల) వెనక ఉంటాయి, మిల్లీసెకన్లు చూస్తే తెలిసిపోతుంది.

బొమ్మ దగ్గరకొస్తే, నువ్వు ఫోన్‌లో చెప్పిన ‘వరంగల్ ఉత్తర ధ్రువం దగ్గరికి పోయింది’ అన్న బగ్ అక్షాంశం, రేఖాంశం తారుమారు కావడం వల్లే. మ్యాప్ చోట్లు రాసే జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు రాయాలి. మన 18, 79.6ను తిరగేస్తే నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది.

ఆ వంపు గీతల విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. గ్లోబు మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారి గీస్తే, హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు గీత హిమాలయాలు దాటి సైబీరియా మీదుగా పోతుంది. మన ప్యాకెట్ అలా పోదు. ముంబై, చెన్నై వంటి రేవుల్లో సముద్రంలోకి దిగి, తూర్పున సింగపూర్ మీదుగానో, పడమర ఎర్ర సముద్రం మీదుగానో పోతుంది. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగితే ఆసియా, యూరప్‌ల మధ్య ట్రాఫిక్‌ను వేరే దారులకు మళ్లించాల్సి వచ్చింది. నీ గీతల్లో ఆ సముద్రమే లేదు. టెలిజియోగ్రఫీ అనే సంస్థ వాళ్ల సముద్రపు కేబుళ్ల మ్యాప్ చూసి, కేబుళ్లను కింద సన్నగా గీయి. అవీ చూపు కోసం సుమారుగా గీసినవే, కానీ సైబీరియా కంటే నయం. రూటర్ చోటు రుజువైన గీతను నిండుగా, ఊహించినదాన్ని చుక్కల గీతగా పెట్టు, ఏది ఏదో పక్కన రాయి.

గ్లోబు మొత్తం 600 పిక్సెళ్లు ఉంటే వరంగల్, హైదరాబాద్‌ల మధ్య దూరం ఏడు పిక్సెళ్లు కూడా రాదు. మనవాళ్లు చూడాలనుకునే ముక్కే మాయమవుతుంది. తెలంగాణ దగ్గరగా కనిపించేలా మొదలుపెట్టి, ప్యాకెట్ సముద్రంలో దిగేటప్పుడు వెనక్కి జరిపి భూగోళాన్ని చూపు.

నీ ఎంటీఆర్ ఫలితాల ఫైళ్లు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఏ హాప్ ఏ ఊరో నేనూ ఇక్కడ కూర్చుని ఒకసారి సరిచూస్తాను. తమ్ముణ్ని అడిగినట్టు చెప్పు.

నీ పెద్దబాపు