తిరుగుబాటు నవల రాస్తున్న మనవడికి

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నబాబుకి అమ్మమ్మ ఆశీస్సులు.

నవల మొత్తం చదివాను. వానలు కరువైన రోజులు, ఆనకట్ట మీద కోట, చీటీ ఉంటేనే నీళ్ళు, కోటలో రాజకుమారి, కొండ మీద ఆమె ఈడు పిల్ల. కాలేజీ పిల్లలు పట్టుకుంటే వదలకుండా చదివే కథ ఇది. నీ వాక్యంలో పరుగుంది. వారపత్రికలకి సీరియల్స్ రాసినదాన్ని కాబట్టి ఆ పరుగు అందరికీ రాదని నాకు తెలుసు. అయితే ఆరో అధ్యాయం దగ్గర నాకు నమ్మకం కుదరలేదు. కొండజనం ఒక్కసారిగా బల్లేలు పట్టుకుని కోట మీదికి వచ్చేశారు. ఎందుకొచ్చారంటే రాజు క్రూరుడు అన్నావు. వాళ్ళలో ఒక్కరైనా రాజుని చూశారా నాన్నా? ఆ క్రూరత్వం వాళ్ళ గడప దాకా ఏ రూపంలో వచ్చింది? నవలంతా వెతికినా నాకు దొరకలేదు.

మన తూర్పు కనుమల్లో జరిగిన పితూరీలు, అంటే తిరుగుబాట్లు, చూడు. గోదావరి మన్యంలో 1879 నాటి రంప పితూరీకి కారణాలు చాలా ఉన్నాయి గానీ, జనానికి కడుపు మండింది కల్లు పన్ను దగ్గర. తాతల నాటి నుంచి ఇంటి వాడకానికి దించుకుంటున్న కల్లు మీద పన్ను పడింది. వసూలు చేసుకునే హక్కు పల్లపు కాంట్రాక్టర్ల చేతికి వెళ్ళింది. రంప మీద పెత్తనం ఉన్న మన్సబుదారు తన వంతు తను లాగాడు. అప్పులిచ్చిన వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోయారు. మరుసటి ఏడాదికి పితూరీ మల్కనగిరి వైపుకీ పాకింది. ఇందులో ఎక్కడా సింహాసనం కనిపించదు. చెట్టు, కల్లుకుండ, దూడ, కోర్టు కాగితం కనిపిస్తాయి.

నీళ్ళ చీటీ అనేది నువ్వు చాలా బాగా ఊహించావు, కానీ ఒక్క పేజీలో చెప్పేసి వెళ్ళిపోయావు. అక్కడ ఆగు. ఒక తెల్లవారుజామున ఆ లైను మొత్తం రాయి. చీటీ ఏ రంగు, చిరిగితే ఏమంటారు, బాలింతకి వేరే వరస ఉందా, ముసలివాళ్ళ చీటీ ఎవరు పట్టుకొస్తారు? కొలిచే బిందె అడుగు లోపలికి సొట్టపడి ఉందనుకో. దానివల్ల ప్రతి ఇంటికీ గ్లాసుడు నీళ్ళు తగ్గుతున్నాయి. కొలిచేవాడికి తెలుసు, పట్టుకునేవాళ్ళకీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఒకరోజు నీ కొండపిల్ల ఆ బిందెని లాక్కుని, లోపల రాయి పెట్టి కొట్టి, అందరి ముందూ సొట్ట తీసేస్తుంది. రాజుగారి సొత్తు పాడుచేసిందని ఆ ఇంటి చీటీ రద్దవుతుంది. ఇక బల్లేలు ఎప్పుడు లేస్తాయా అని చదివేవాళ్ళే ఎదురుచూస్తారు, నువ్వు కారణం చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతున్నాను. నీ కథలో పైన రాజు ఉన్నాడు, కింద జనం ఉన్నారు, మధ్యలో ఎవరూ లేరు. ఏ సంస్థానమూ అలా నడవలేదు. మన పర్లాకిమిడి మన్యంలో బిస్సోయీలు ఉండేవారు. కనుమలు కాయడం వాళ్ళ పని. కింద జమీందారుకి జవాబు చెప్పాలి, పైన కొండల్లోని సవర గిరిజనుల ఊళ్ళ నుంచి మామూళ్ళు రాబట్టుకోవాలి. రంపలో కొన్నేసి కొండ ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదారులదీ అలాంటి స్థానమే, పితూరీలో ముందు నిలబడినవాళ్ళలో కూడా వాళ్ళున్నారు. కోరాపుట్ వైపు లక్ష్మణ నాయక్ కథ నీకు కొంత తెలుసు. జయపురం సంస్థానం కింద శిస్తు వసూలు చేసే ముస్తాదారు ఆయన. అలాంటి మనిషి కాంగ్రెస్‌లో చేరి, 1942 ఆగస్టు 21న జనంతో కలిసి మాథిలి పోలీసు స్టేషన్ దాకా నడిచాడు. కాల్పులు జరిగాయి. ఆ గొడవలో ఒక ఫారెస్టు గార్డు చనిపోతే ఆ హత్య ఆయన మీద మోపి, 1943 మార్చి 29న ఉరి తీశారు. ఎక్కడో కాదు, నువ్వు చదువుకుంటున్న బరంపురం జైల్లోనే. సంస్థానం పద్దులు చూసిన మనిషి జనం వైపు ఎలా వచ్చాడు? ఏ ఇంట్లో ఏ మాట విని మనసు మారింది? నవల రాసేవాడు ఏళ్ళ తరబడి తవ్వుకోదగ్గ చోటు అది.

అందుకని కొండపిల్ల తండ్రిని చీటీలు రాసే గుమాస్తాని చెయ్యి. తన ఇంటి చీటీనే కొట్టేయమని హుకుం వచ్చినప్పుడు కలం ఆయన చేతిలోనే ఉండాలి. ఆయన కొట్టేస్తాడా లేదా అన్నది నీ ఇష్టం. నేనైతే కొట్టేయిస్తాను. చిన్న జీతం, ముసలి తల్లి, కోటలో చదువుకుంటున్న కొడుకు ఉన్న మనిషి వెంటనే వీరుడైపోతే నాకు నమ్మబుద్ధి కాదు.

కోట నుంచి వచ్చే ఆజ్ఞ ఏ భాషలో వస్తుందో కూడా ఆలోచించు. నీ రాజ్యంలో అందరూ ఒకటే భాష మాట్లాడుతున్నారు. ఈ ఊళ్ళో పెరిగినవాడివి, ఒకే వీధిలో తెలుగు, ఒడియా, సంత రోజున సవర భాష విన్నవాడివి, నువ్వు అలా రాయకూడదు. రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల కోసం వాళ్ళ భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. ఆ భాష రాని అధికారికీ, ఆజ్ఞ అర్థంకాని ఊరికీ మధ్య నిలబడి మాట చెప్పేవాడు ఒక్క ముక్క మింగేస్తే ఏమవుతుందో రాసి చూడు.

రాజుని మరీ రాక్షసుణ్ణి చెయ్యకు. నౌపడా నుంచి మన ఊరికి 1900లో చిన్న రైలు తెచ్చినదీ రాజకుటుంబమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడటానికి మన రాజావారు కృష్ణచంద్ర గజపతి గట్టిగా పూనుకున్నారు. ఊరు ఒడిశాలోకి వెళ్ళడం ఇష్టం లేక గిడుగు పంతులుగారు ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఈనాటికీ ఆ కాలం గురించి ఒక ఇంట్లో ఒకలా చెబుతారు, పక్కింట్లో ఇంకోలా చెబుతారు. నీ రాజకుమారికి కూడా తండ్రి మీద ప్రేమ ఉండనీ. ఆయన కట్టించిన ఆసుపత్రిలోనే ఆమె పుట్టి ఉండవచ్చు.

ప్రేమకథ తగ్గించు, ఎగిరే బళ్ళ వర్ణన ఇంకా తగ్గించు. పోరాటం తర్వాత ఏమైందో మాత్రం తగ్గించకు. 1864లో మన మన్యంలోని పొట్టసింగి దగ్గర పోలీసులు తమ ఊరిపెద్దని అన్యాయంగా పట్టుకుంటే సవరలు ఆయన్ని విడిపించుకున్నారు, ఆ గొడవలో పోలీసులు చనిపోయారు. తర్వాత కొందరికి ఉరి పడింది, ఆ కొండమీదికి పోలీసు ఠాణా వచ్చింది. నీ పుస్తకం చదివేవాళ్ళు చిన్నవాళ్ళే గానీ, ఈ సంగతి తట్టుకోగలరు. వాళ్ళకి దాచకు.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు నీళ్ళ లైను అధ్యాయం కొత్తగా రాసి పట్టుకురా, మిగతాది తర్వాత చూద్దాం. చేత్తో రాసినా ఫర్వాలేదు, నేను చదువుకుంటాను. మీ అమ్మకి రోజూ ఫోన్ చేస్తూ ఉండు, తను ఊరికే టెన్షన్ పడుతోంది.

మీ అమ్మమ్మ